వాకిలికి ఏ అంచు?



ఇల్లు కట్టేటప్పుడు ఆడవాళ్ళని అడిగి చేసే పనులు కొన్నే ఉంటాయి. పునాది ఎంత లోతు తియ్యాలి, ఇనుము ఎంత పడుతుంది, ఇవన్నీ మనదాకా రావు. వంటింటి గట్టు ఎత్తు అడుగుతారు, పూజగది ఏ మూలనో అడుగుతారు. ఆఖర్న కొయ్యపని మొదలయ్యాక, చెక్కపొట్టు మధ్యనించి ఆచారి తలెత్తి, “ఏం మా, వాకిలికి ఏ డిజైను కొట్టమంటావు?” అంటాడు. సెల్‌ఫోను చేతికిచ్చి వరసగా ఓ ఇరవై బొమ్మలు చూపిస్తాడు. మనం అందులో గీతలు ఎక్కువున్న బొమ్మ చూసి “ఇది బాగుంది” అంటాం. అక్కడితో మన వంతు అయిపోతుంది.

ఆ ఒక్క మాట మీద ఆ చెక్క ముప్ఫయి నలభై ఏళ్ళు నిలవాలి. గోడకు రంగు నచ్చకపోతే వచ్చే సంక్రాంతికి మార్చుకుంటాం. కర్టెన్లు నచ్చకపోతే తీసి పక్కన పెడతాం. చెక్క అంచు మాత్రం ఒకసారి కోశాక మళ్ళీ అతికేది కాదు. టేకు ధర ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకని ఇవాళ వాకిళ్ళకూ, పూజగది తలుపులకూ, అలమర్లకూ అంచు డిజైన్లు కోసే బిట్ల సంగతి చెప్పాలనుకున్నాను. ఇదేం ఆడవాళ్ళ విషయమా అని రేడియో కట్టెయ్యబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మురుకుల గొట్టం దగ్గర్నించే మొదలుపెడతాను.

మురుకుల గొట్టంలో పోసే పిండి ఒక్కటే. అడుగున సన్న చిల్లుల బిళ్ళ వేస్తే కారప్పూస, నక్షత్రం చిల్లు వేస్తే ముళ్ళ మురుకు, పట్టీ చిల్లు వేస్తే రిబ్బను పకోడీ వస్తుంది. రూటరు మిషను కూడా ఇంతే. (ఇంటర్నెట్టు కోసం గోడకు తగిలించుకునే పెట్టె పేరు కూడా రూటరే, అది వేరు, ఇది వేరు.) ఇది ఆచారి రెండు చేతులా పట్టుకుని చెక్క అంచు వెంబడి నడిపించే కరెంటు మిషను. లోపలి మోటారు నిమిషానికి పదివేల చుట్లకు పైనే, రకాన్ని బట్టి ముప్ఫయివేల దాకా కూడా తిరుగుతుంది. దాని అడుగున బిగించే వేలెడంత పదునైన ముక్కను బిట్టు అంటారు. మిషను మారదు, బిట్టు మారితే అంచు మారుతుంది. మిషన్లు రాకముందు ఇదే పని వంపు అలుగులున్న చిత్రికలతో చేసేవారు. ఒక్కో అంచుకు ఒక్కో చిత్రిక ఉండేది. ఆ పనివాడి భుజం నొప్పి ఇప్పుడు కరెంటు బిల్లు అయింది, అంతే తేడా.

మురుకుల బిళ్ళకూ దీనికీ ఒక తిరకాసు మాత్రం ఉంది. కజ్జికాయల అచ్చు గుర్తు తెచ్చుకోండి. అచ్చులో గుంట ఉన్నచోట కజ్జికాయ మీద ఉబ్బు వస్తుంది. బిట్టు కూడా అంతే. చూడటానికి గుంటగా ఉన్న బిట్టు చెక్కను గుండ్రంగా చేస్తుంది. బొద్దుగా, బుడిపెలా ఉన్న బిట్టు చెక్కలో పల్లం తీస్తుంది. అంగడిలో బిట్టును చూసి “ఇది ముద్దుగా ఉంది” అని తీసుకుంటే ఇంటికొచ్చాక తలకిందులైన డిజైను వస్తుంది. బిట్టుని కాక, బిట్టు కోసిన ముక్కని చూడాలి.

ఇక ఈ అంచుల పేర్లు. ఆచారి రౌండోవరు, కోవు, ఓజీ, చాంఫరు, బీడింగు అని గబగబా చెప్పేస్తాడు. మనకేమో అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి. వీటిని గుర్తుపెట్టుకోడానికి నాకు తెలిసిన మంచి బడి ఒకటుంది, అది గుడి. శనివారం గోవిందరాజస్వామి గుడికి వెళ్ళినప్పుడో, శ్రీనివాసమంగాపురం వెళ్ళినప్పుడో, ప్రదక్షిణం చేస్తూ ఒక్కసారి గోడ అడుగుభాగం చూడండి. గోడ తిన్నగా నేలమీదికి దిగదు. అడుగున ఒకదాని మీద ఒకటి అంచులు అంచులుగా రాతి వరసలుంటాయి. దాన్నే అధిష్ఠానం అంటారు. మయమతం, మానసారం లాంటి శిల్పశాస్త్ర గ్రంథాలు ఈ వరసలకు పేర్లూ కొలతలూ ఇచ్చాయి.

అన్నిటికన్నా అడుగున ఉపానం. దానిమీద ఎత్తైన నిలువు వరస జగతి. ఆ పైన బొద్దుగా ముందుకు పొడుచుకొచ్చే వరస కుముదం. అది గుండ్రంగా ఉంటే వృత్త కుముదం, మూడు పలకలుగా చెక్కితే త్రిపట్ట కుముదం. తర్వాత మెడలాగా లోపలికి పోయిన భాగం కంఠం. పైన చూరులాగా వంగి ఉండేది కపోతం. కొన్నిచోట్ల తామర రేకుల వరస ఉంటుంది, అది పద్మం. ఆ రేకుల్ని మనసులో తీసేసి పక్కనించి చూస్తే దాని వంపు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా ఉంటుంది. ఒక సగం ఉబ్బు, ఒక సగం పల్లం.

ఇప్పుడు ఆచారి మాటలు మళ్ళీ వినండి. రౌండోవరు బిట్టు మన వృత్త కుముదంలో ఒక పాదం అనుకోండి. అంచు మొనను గుండ్రంగా చేస్తుంది. చాంఫరు బిట్టు మొనను ఏటవాలుగా, సాధారణంగా నలభై అయిదు డిగ్రీలకు కోస్తుంది. త్రిపట్ట కుముదంలో ఏటవాలు పలక ఎలా ఉంటుందో అలా. కోవు బిట్టు గరిటెతో తీసినట్టు పల్లం తీస్తుంది. ఓజీ బిట్టు మన పద్మం వంపు. బీడింగు బిట్టు గుండ్రానికి అటూ ఇటూ చిన్న మెట్టు కూడా వదులుతుంది, పూసలదండ పక్కన సన్న గొలుసు వేసినట్టు. ఓజీలో రోమన్ ఓజీ అని ఒకటి అమ్ముతారు. ఆ పేరు ఊరికే రాలేదు. పడమటి దేశాల వడ్రంగులు వాడే ఈ వంపులన్నీ గ్రీకు, రోమను గుళ్ళ రాతిపని నుంచి దిగినవే.  ఆచారి ఫోను బొమ్మ చూపించినప్పుడు, “కింద కుముదంలాగా గుండ్రంగా, పైన సన్నమెట్టు, అంతే చాలు” అని మీరు అనగలిగితే ఆయనే ఒక అడుగు వెనక్కి వేసి మీ మాట వింటాడు.

పేర్లు తెలిశాయి. ఎక్కడ ఏది అన్నది అసలు ప్రశ్న. దీనికి నాకు తోచిన పద్ధతి ఒకటే. ఆ అంచును రోజూ ఏం తాకుతుందో ముందు ఆలోచించండి. చెయ్యా, కాలా, నీళ్ళా, దుమ్మా, దీపం పొగా?

గడప సంగతి చూడండి. మనం శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాస్తాం, కుంకుమ బొట్లు పెడతాం, కొందరు బియ్యప్పిండితో ముగ్గు కూడా వేస్తారు. ఈ మధ్య కొన్ని కొత్త ఇళ్ళల్లో గడపకు కూడా ఓజీలూ గాళ్ళూ కోయించారు. పసుపు ముద్ద ఆ గాళ్ళల్లో ఇరుక్కుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే నీళ్ళు అందులోనే నిలుస్తాయి. చీమలు వరస కడతాయి. నాలుగేళ్ళకు ఆ గాడి వెంబడే చెక్క నల్లబడుతుంది. పైగా గడపను రోజుకు యాభైసార్లు దాటుతాం. పిల్లల కాలివేలు తగిలేది, ముసలివాళ్ళు ఆసరాగా పాదం ఆనించేది దానిమీదే. గడపకు చిన్న రౌండోవరు, ఒక 6 మిల్లీమీటర్లది, చాలు. ఎంత ముచ్చటపడ్డా అంతకు మించి వద్దు.

ద్వారబంధం నిలువు కమ్మీలకు డిజైను ఉండాల్సిందే, అది ఇంటి ముఖం. కాని డిజైనును నేలదాకా దించనివ్వకండి. గడప నుంచి ఒక జానెడు పైదాకా చెక్క నున్నగా ఉండనిచ్చి, అక్కణ్ణించి డిజైను మొదలుపెట్టమనండి. తుడిచేటప్పుడు బకెట్టు నీళ్ళు చిందేది ఆ జానెడులోనే. పైన అడ్డకమ్మీకి మరో లెక్క. దానికి పైవైపు చదునైన మెట్టు ఉంటే అక్కడ దుమ్ము పేరుకుంటుంది. మామిడాకుల తోరణం కట్టి, విప్పి, కట్టీ విప్పీ మనం ఆ దుమ్ము మీద వేలు పెట్టినప్పుడు గాని తెలీదు. పైకి చూసే ఏ మెట్టయినా కాస్త ఏటవాలుగా ఉండేట్టు అడగాలి.

చిత్తూరులో మా బంధువులావిడ ఒకరికి జరిగిన ముచ్చట చెప్తాను. పూజగదిలో దేవుడి పటాలకూ కుందులకూ టేకు పలక ఒకటి వేయించుకున్నారు. పలక మందం 18 మిల్లీమీటర్లు. ముందువైపు అంచుకు పైనించి ఒక ఓజీ, కిందనించి ఒక ఓజీ కోశాడు ఆ పనివాడు. చూడటానికి ఎంతో నాజూగ్గా, పక్షి ముక్కులాగా వచ్చింది. కార్తీకమాసంలో ఇత్తడి కుంది ఎత్తి పెట్టబోతే జారి ఆ ముక్కుమీద పడింది. జానెడు పొడుగు చీలి ఊడొచ్చింది. ఆవిడ కుంది జారినందుకు అపశకునమని దిగులుపడ్డారు. అందులో శకునం ఏమీ లేదు, లెక్క ఉంది. పైనించి 8, కిందనించి 8 కోస్తే మధ్యన మిగిలింది 2 మిల్లీమీటర్లు. రెండు బియ్యపు గింజలు పక్కపక్కన పెట్టినంత కూడా కాదు. ఎంత టేకైనా అంత సన్నాన బరువు ఆగదు. పలక మందంలో కనీసం మూడోవంతు కదలకుండా మిగలాలని చెప్పండి. పద్దెనిమిదికి పైన 6, కింద 6 రౌండోవరు తీస్తే మధ్యలో 6 మిగులుతుంది. అందంగానూ ఉంటుంది, కుంది తగిలినా ఏమీ కాదు.

ఈ మందం లెక్క ప్లైవుడ్డుకు మరీ ముఖ్యం. ప్లైవుడ్డు పొరలు పొరలుగా అతికించిన పలక. దాని అంచును ఏ బిట్టుతో కోసినా లోపలి పొరలు కేకుముక్కలాగా బయటపడతాయి, ఏ పాలిషూ దాన్ని దాచదు. ప్లైవుడ్డు అలమరకు డిజైను కావాలంటే అంచుకు గట్టి చెక్క పట్టీ అతికించి, ఆ పట్టీలో కోయించాలి. కోత లోతుకన్నా పట్టీ మందంగా ఉండాలి, లేకపోతే కోత పట్టీ దాటి పొరల్లోకి పోతుంది. ఎం.డి.ఎఫ్. పలకలో అంచులు వెన్నలాగా తెగుతాయి, డిజైను బ్రహ్మాండంగా వస్తుంది. కాని కోసిన అంచు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. వంటింటి సింకు కింద తలుపులకు వాడొద్దు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన మాటకు వస్తాను, నీడ. చెక్కమీద మనం చూసేది డిజైను కాదు, డిజైను వేసే నీడ. పట్టుచీర కొంగును తలుచుకోండి. జరీ అంచు పక్కన సన్న గీత, ఆ పక్కన ఖాళీ, మళ్ళీ గీత. ఖాళీ లేకపోతే అంచు అంచులా ఉండదు, గోనెపట్టలా ఉంటుంది. చెక్కలో ఆ గీత పని చేసేది చిన్న మెట్టు. రెండు మూడు మిల్లీమీటర్ల మెట్టయినా గీత గీసినట్టు నల్లని నీడ పడుతుంది. గుండ్రటి ఉబ్బు మీద వెలుతురు మెల్లగా జారుతుంది. పల్లంలో నీడ మెత్తగా నిలుస్తుంది. ఈ మూడూ ఉండాలి, కాని మూడూ ఒకదాన్నొకటి తొక్కకూడదు.

మన తిరుపతి చిత్తూరు ఎండ సంగతి తెలిసిందే గదా. వీధివైపు వాకిలికి తూర్పు ఎండ తిన్నగా పడుతుంది. అక్కడ లోతు తక్కువ కోసినా నీడ బాగా కనిపిస్తుంది. ఇంటి మధ్య హాల్లో, వెలుతురు తక్కువున్న చోట పూజగది వాకిలికి అదే డిజైను వేస్తే చదునుగా, చప్పగా ఉంటుంది. అక్కడ కాస్త లోతైన కోవు, స్పష్టమైన మెట్టు కావాలి. ఇంకో సంగతి, దీపం వెలుతురు కిందనించి పైకి వస్తుంది. పగలు లైటు వేసి చూసిన డిజైను రాత్రి దీపం దగ్గర తలకిందులుగా కనిపిస్తుంది. ఉబ్బు పల్లంలా, పల్లం ఉబ్బులా. నమూనా ముక్కను ఆ గదిలోనే, ఆ ఎత్తులోనే పట్టుకుని, కింద ఒక దీపం పెట్టి చూడండి. అయిదు నిమిషాల పని.

పెయింటు వేసేదీ పాలిషు చేసేదీ కూడా ముందే అనుకోవాలి. సన్నసన్న బీడింగు గీతలు పాలిషులో బాగుంటాయి. ఎనామిలు పెయింటు రెండు పూతలు పడేసరికి ఆ గీతలు పూడిపోయి, కాటుక చెరిగిన కళ్ళలాగా తయారవుతాయి. పెయింటుకు పెద్ద వంపులే మేలు.

చెక్కను బట్టి కూడా బిట్టు మారుతుంది. టేకులో సహజంగా ఇసుకలాంటి పదార్థం కొంత ఉంటుంది. దాన్ని సిలికా అంటారు. ఉత్త ఉక్కు బిట్టు టేకు మీద తొందరగా మొద్దుబారుతుంది. కార్బైడు పళ్ళు అతికించిన బిట్టు కావాలి. ఉక్కు కాడ మీద బూడిదరంగు పళ్ళు వేరుగా అతికినట్టు కనిపిస్తాయి, చూస్తే మీకే తెలుస్తుంది. వేపచెక్కలో నార ఒక దిక్కుకు పోక అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, అక్కడక్కడా చెదిరి లేస్తుంది. వేపకు సున్నితమైన గీతలు వద్దు, పెద్ద గుండ్రం మంచిది. ఎర్రచందనం మాట మన ఊళ్ళల్లో రాకుండా ఉండదు. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టు చెక్కను సరైన కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. “తెలిసినవాళ్ళు తెచ్చిస్తారు మా” అన్నవాడికి అక్కడే దండం పెట్టండి.

బిట్టు మంచిదో కాదో మనం కూడా చూడొచ్చు. బిట్టు కాడకు కొలత ఉంటుంది. 6 మిల్లీమీటర్లు, 8, 12 అని కొన్ని, పావంగుళం, అరంగుళం అని కొన్ని. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల కాడను పావంగుళం మిషనులో బిగిస్తే పట్టు సరిగా కుదరదు. ఇరవైవేల చుట్లు తిరిగే ముక్క ఊడి ఎగిరితే ఏమవుతుందో ఊహించుకోండి. “కొలత సరిపోయిందా ఆచారీ?” అని ఒక్కసారి అడగడంలో తప్పులేదు. పెద్ద అంచులకు లావు కాడ ఉన్న బిట్టు వణక్కుండా నడుస్తుంది. చాలా బిట్ల కొనన చిన్న చక్రం, బేరింగు ఉంటుంది. అది చెక్క అంచును ఆనుకుని దొర్లుతూ బిట్టును దారిలో పెడుతుంది. అంచు ముందే వంకరగా ఉంటే, సొట్ట ఉంటే, చక్రం ఆ వంకరనే డిజైనులోకి ఎక్కిస్తుంది. చిత్రిక పట్టి అంచు తిన్నగా చేశాకే రూటరు పెట్టాలి.

కోసిన అంచు మీద నల్లటి కాలిన మచ్చలు కనిపిస్తే బిట్టు మొద్దుబారిందన్న మాట, లేదా చెయ్యి ఒకేచోట ఆగిపోయిందన్న మాట. అలలు అలలుగా ఉంటే మరీ తొందరగా తోశాడు, లేదా ఒకేసారి లోతంతా కోశాడు. లోతైన అంచును రెండు మూడు విడతలుగా కొయ్యాలి. ఆఖరి విడత సన్నగా పోవాలి. “ఉప్పు కాయితం పడితే పోతాది లే మా” అంటారు. పోతుంది, దాంతోపాటు మెట్టు కూడా పోతుంది. అరచేత్తో ఉప్పు కాయితం రుద్దితే మనం నీడకోసం అడిగిన ఆ పదునైన గీతే ముందు అరిగిపోతుంది.

ఇక్కడ పనిచేసే పిల్లవాడి మాట కూడా అనాలి. ఆచారి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు మూతికి ఒక తువ్వాలు చుట్టుకుని, కళ్ళకు ఏమీ లేకుండా, ఆ పొట్టులో రోజంతా ఉంటాడు. చెక్కపొడి కాన్సరు తెప్పించేదని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ముఖ్యంగా ముక్కు లోపల వచ్చే కాన్సరు. మన ఇంట్లో పని జరిగే పదిహేను రోజులూ మనం కాఫీలు ఇస్తాం, టిఫిన్లు పెడతాం. దాంతోపాటు ఒక మంచి మాస్కు, ఒక కళ్ళజోడు మనమే కొనిచ్చి, పెట్టుకుంటేనే కాఫీ అనండి. పని వీలైనంతవరకు వరండాలోనో పెరట్లోనో చేయించండి. బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి, స్విచ్చి ఆపితే చాలదు. దిలాసా తలుపుల్లో మధ్య పలకకు వాలుగా కోసే బిట్లు ఉంటాయి, డబ్బా మూతంత వెడల్పు. అవి బల్లకు బిగించిన మిషనులో, వేగం తగ్గించి నడపాల్సినవి. ఎవరైనా దాన్ని చేతి మిషనులో పెట్టి నడపబోతే, ఇల్లు మీదే గదా, ఆపమని చెప్పే అధికారమూ మీదే. ఆ పక్కన మీరు నిలబడి చూసేటప్పుడు పైట దోపుకోండి, పిల్లల్ని రానివ్వకండి.

మిషనుకు చేతకానిది ఒకటుంది. బిట్టు గుండ్రంగా తిరుగుతుంది గనక, లోపలి మూల దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగానే ఆగిపోతుంది. చదరంగా, పదునుగా మూల రావాలంటే ఉలి పట్టాల్సిందే. చాలామంది ఆ మూలను అలాగే వదిలేస్తారు. బయట కొన్న బీడింగు పట్టీలయితే మూల దగ్గర నలభై అయిదుకు కోసి కలుపుతారు. అవి సరిగ్గా కలవాలంటే పట్టీలన్నీ ఒకే బిట్టుతో, ఒకే అమరికలో, ఒకే రోజు కోసినవై ఉండాలి. రెండడుగుల పట్టీ ఎక్కువే కోయించండి. తర్వాత తక్కువపడితే అచ్చంగా అదే రావడం కష్టం.

ఉలి మాట వచ్చింది గనక మాధవమాల గురించి చెప్పకుండా ఉండలేను. శ్రీకాళహస్తి దగ్గర ఏర్పేడు మండలంలో ఉంది ఆ ఊరు. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి కుటుంబాలు తరాలుగా కొయ్యలో దేవతామూర్తులు చెక్కుతున్నాయి. గుళ్ళకు వాహనాలు చేస్తాయి. ఇప్పుడు కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. మిషన్లు వచ్చి, గజలక్ష్మి దగ్గర్నించి నెమలి దాకా తలుపుమీద ఒక్కరోజులో కోసి పెడుతున్నాయి. అవీ ఈ రూటరు జాతివే, అవీ ఈ బిట్లే వాడతాయి. చవకే, తొందరే, కాదనను. నా ఇంటికి అలమర తలుపులయితే నేనూ ఆ మిషనుకే ఇస్తాను.

కాని ఒకసారి రెండు గజలక్ష్ములనీ పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు సి.ఎన్.సి. బిట్టు పైనించి కిందికి మాత్రమే దిగుతుంది. తామరరేకు పైభాగం కోస్తుంది, రేకు వెనక్కి పోలేదు. మాధవమాల పనివాడి ఉలి రేకు కిందికి దూరి, వెనకవైపు చెక్క తీసి, రేకును నిజంగా లేచినట్టు నిలబెడుతుంది. ఏనుగు తొండానికీ కలశానికీ మధ్య వెలుతురు పోతుంది. మిషను చేసినదాంట్లో ఆ సందు మూసుకునే ఉంటుంది. దగ్గరగా చూస్తే బుగ్గలమీద దువ్వెన పెట్టి దువ్వినట్టు సన్నని గీతలు కూడా ఉంటాయి, గుండ్రటి బిట్టు నడిచిన దారులు అవి.

అందుకని పని పంచుకోవచ్చు. వాకిలి నిలువు కమ్మీలకు, అంచులకు, పట్టీలకు రూటరు చాలు. తిన్నటి గీతలో దాన్ని మించింది లేదు. అడ్డకమ్మీ మధ్యలో ఒక అడుగు చెక్కను నున్నగా వదిలించి, అక్కడ పెట్టే లక్ష్మీదేవినో, శంఖుచక్ర నామాలనో చేతిపనివాళ్ళకు ఇవ్వండి. తలుపంతా మిషనుతో నింపడానికి అయ్యే డబ్బును ఆ ఒక్క అడుగు మీద పెడితే, ఇంటికొచ్చినవాళ్ళ చూపు ముందు అక్కడే ఆగుతుంది. మాధవమాల దాకా వెళ్ళలేకపోయినా, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పం నేర్చుకున్నవాళ్ళు మన చుట్టుపక్కల ఉంటారు. విచారించండి. కొలతలు మాత్రం చెక్క కొయ్యకముందే ఇవ్వాలి. రూటరు ఆచారికీ, ఉలి ఆచారికీ ఒకే కాగితం మీద గీత గీయించి చెరొకటి ఇస్తే తగువు ఉండదు.

చివరగా నమూనా ముక్క. పని మొదలుపెట్టే ముందు అదే చెక్క తునక మీద, అదే బిట్టుతో ఒక అడుగు కోయించండి. చేత్తో తడిమి చూడండి. తడిగుడ్డతో తుడిచి, గుడ్డపోగు ఎక్కడైనా చిక్కుకుంటుందేమో చూడండి. కాస్త పసుపు రాసి కడగండి. కడిగినా పసుపు ఎక్కడ మిగిలిందో అక్కడ మీరు ప్రతి శుక్రవారం పిన్నుసు పెట్టి గీకాల్సి వస్తుంది. నచ్చితే ఆ ముక్క వెనక బిట్టు పేరు, గుండ్రం కొలత, కాడ కొలత, లోతు, తేదీ పెన్సిలుతో రాయించి అటకమీద దాచండి. రేపు మేడమీద ఇంకో గది వేసుకున్నప్పుడు, ఆచారి మారినా సరే, ఆ ముక్క చేతికిస్తే అదే అంచు మళ్ళీ వస్తుంది.